ఆదివారం అయిదు నుంచి ఆరు దాకా

గర్శకుర్తి,
సెప్టెంబర్ 20, 2025.

వనజా,

సాయి వాళ్ల బాపు చనిపోయాడు. పోయిన ఆదివారం, పద్నాలుగో తేదీ, సాయంత్రం ఆరుంబావుకు. గంగాధర దాటాక, కొత్తపల్లి ఇంకా రాకముందే, జబ్బార్ ఆటోలో. అట్లాగే కరీంనగర్ దాకా తీసుకుపోయాం. ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టి చూసి వదిలేశాడు. గుండెపోటు అన్నారు.

నువ్వు ఫోన్ చేసే ఉంటావు. నా ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టాను. అది మోగడం వినలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను. ఇంటర్ తర్వాత నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే దిద్దుకో. చొప్పదండి బడిలో కూడా నా తప్పులు నువ్వే దిద్దేదానివి.

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. చీరల ఆర్డరు ఉందని ఆదివారం కూడా మరమగ్గాల షెడ్డుకు పోయాడు. అయిదు కాకముందే ఇంటికి వచ్చాడు. "కడుపుల మంటగున్నది. గ్యాస్ అయినట్టున్నది. జర సోడా తెప్పియ్యి" అన్నాడు. సోడా తాగి గోడకు ఒరిగి కూర్చున్నాడు. మా అత్త కొమురవ్వ వాము తెచ్చి నమలమంది. "నీ వాము నమిలి నమిలి నా పండ్లు అరిగినయ్ గని గ్యాస్ మాత్రం పోలే" అని నవ్వాడు కూడా. గ్యాసే అనుకున్నాం. చెమటలు చూసి నాకు భయమేసింది అయిదున్నరకు. అప్పుడే జబ్బార్ చొప్పదండిలో కిరాయి దింపి వచ్చాడు. ఆయన్ను ఆటో ఎక్కించేసరికి పావు తక్కువ ఆరు.

నీ కాలేజీలో ఉన్న నా కొడుక్కి, సాయికి, అప్పుడు చెప్పలేదు. ఆదివారం అయిదు నుంచి ఆరు దాకా వాడికి నీ కెమిస్ట్రీ క్విజ్ ఉంటుంది కదా. జూలైలో ఒకసారి ఆ గంటలోనే "తిన్నవా బిడ్డా" అని నేను ఫోన్ చేశాను. వాడు ఆ ఫోన్‌లోనే రాస్తాడు. నా ఫోన్ రావడంతో పరీక్ష మధ్యలో మూసుకుపోయింది. పదిహేనుకు నాలుగు వచ్చాయి. "అవ్వా, ఆ గంటల సచ్చినా ఫోన్ చెయ్యకు" అన్నాడు. అప్పటినుంచి ఆరు కొట్టాకనే చేస్తున్నాం. ఎన్ని వచ్చాయో వాడు ముందు బాపుకు చెప్తాడు. తర్వాతే నాతో మాట్లాడతాడు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, నీకు తెలియకపోవచ్చు. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. దాని మీద భీమ్‌కు చుట్టిన నూలు అయిపోతే, కొత్త భీమ్ పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా అతకాలి. సాయి వాళ్ల బాపు పని అదే. వైపని అంటారు. అతికేటప్పుడు మనిషిని పిలవకూడదు. పిలిస్తే పోగు తప్పుతుంది. ఒక్క పోగు తప్పితే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. ఇంటికి చుట్టాలొచ్చినా, అన్నం చల్లారినా, అతకడం అయ్యేదాకా షెడ్డు గుమ్మం దగ్గరే నిలబడతాం. క్విజ్‌ను కూడా ఆయన అట్లాగే లెక్కపెట్టుకున్నాడు. ఆటోలో నేను ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. "పిల్లగాడు అతుకుతుండు. అయినంక చెయ్యి" అన్నాడు. అందుకే చేయలేదు.

ఆరు కాగానే చేశాను. స్పీకర్ పెట్టి ఆయన చెవి దగ్గర పట్టుకున్నాను. నేను సంగతి చెప్పేలోపే సాయి "బాపూ, అయిపోయింది. పదిహేనుకు పదమూడు" అన్నాడు. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. మాట రాలేదు.

సాయి ఇంట్లోనే ఉన్నాడు. దినాలు బుధవారం.

ఒక్కటే అడుగుతున్నాను వనజా. కాలేజీ లేని రోజు, ఆదివారం సాయంత్రమే ఆ పరీక్ష ఎందుకు?

రోజారాణి


ఆదిలాబాద్,
సెప్టెంబర్ 26.

ప్రియమైన రోజా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం కాలేజీ అడ్రసుకు వచ్చింది. కైలాసం బావ చనిపోయిన వారం నేను శిక్షణ కోసం హైదరాబాద్‌లో ఉన్నాను. సాయి గదిలో ఉండే ముజాహిద్ సోమవారం ఫోన్ చేసి చెప్పాడు. అప్పటినుంచి నీకు చేస్తూనే ఉన్నాను. స్విచ్ ఆఫ్ అని వచ్చినప్పుడల్లా నంబర్ తప్పు నొక్కానేమో అని మళ్లీ చూసుకున్నాను.

పోయిన ఏడాది సాయిని చేర్చడానికి బావ వచ్చినప్పుడు మా స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టాను. ఆయన కుర్చీలో కూర్చోలేదు. కిటికీ పరదా చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. "గిది మాదిక్కుది గాదు వనజా. మావోళ్లు గిట్ల తప్పరు" అన్నాడు. నేనూ వెళ్లి ఆ తప్పిన పోగు కోసం చూశాను. నాకేమీ కనిపించలేదు. "కనవడదు. అందుకే నువ్వు మేడం, నేను వైపని" అన్నాడు. స్టాఫ్‌రూమ్ అంతా నవ్వింది. ఆ పరదా ఇంకా అక్కడే ఉంది.

సాయి హాజరు గురించి ఫికర్ వద్దు. నేను ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. మరణ ధ్రువపత్రం నకలు ఇస్తే ఈ రోజులు లెక్కలో కలుపుతారు. దసరా సెలవులయ్యాక ఆరో తేదీన కాలేజీ తెరుస్తారు. అప్పటికి వాడిని పంపు. సెమిస్టర్ పరీక్షలు నవంబర్ చివర ఉంటాయి. బడి విడిచిపెట్టిన పిల్లలు మళ్లీ రారు. పనిలో చేరితే అసలే రారు. ఇది ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

క్విజ్ సంగతి ఇప్పుడు మనసులో పెట్టుకోకు. సెలవుల్లో నేనే గర్శకుర్తి వస్తాను. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

నీ వనజ


గర్శకుర్తి,
అక్టోబర్ 5.

వనజ మేడం గారికి,

మీరు రావద్దు. ఇల్లు చుట్టాలతో నిండి ఉంది.

నేను అడిగింది ఒక్కటే. దానికి తప్ప మీరు అన్నింటికీ జవాబు రాశారు. ఆ గంట ఎందుకు పెట్టారు? మీ పిల్లలకు ఆదివారం ఇంటివాళ్లు ఫోన్ చేస్తారని మీకు తెలియదా? మనుషులు పరీక్షల వేళ చూసుకుని చనిపోరు.

సద్దుల బతుకమ్మ నాడు మా వాకిట్లో చప్పుడు లేదు. మా అత్త ఎవరు వచ్చినా అదే చెప్తున్నది: "ఫోన్ల పరీక్ష అట. రేపు ఫోన్లనే పెండ్లి చేస్తరు, ఫోన్లనే పీనుగ లేపుతరు. నా కొడుకు ఆఖరికి కొడుకుతోటి మాట్లాడక పాయె." 

సాయి రాడు. వాళ్ల బాపు పని వాడే చేస్తున్నాడు. చిన్నప్పుడు సెలవుల్లో పక్కన కూర్చుని నేర్చుకున్నదే. నిన్న వాడు అతికిన భీమ్ మీద గుడ్డ పొడుగునా గీత పడింది. షెడ్డు ఆసామి చూశాడు. కైలాసం కొడుకని ఊరుకున్నాడు.

మరణ ధ్రువపత్రం నకలు పంపుతున్నాను. అవసరం పడదు. అయినా మీరు అడిగారు కాబట్టి పంపుతున్నాను.

ఇట్లు,
రోజారాణి


ఆదిలాబాద్,
అక్టోబర్ 11.

రోజా,

ఆ గంట పెట్టింది నేనే. ఎవరూ పెట్టమనలేదు. ఆదివారం సాయంత్రం ఆరుకు మూసుకునేలా జూన్‌లో నేనే పెట్టాను. నీ కోపం నా మీదే ఉండనీ. నువ్వు అడిగినప్పుడే ఈ మాట రాయవలసింది.

సాయి పేరు హాజరు పట్టీలో ఉంది. రోజూ పిలుస్తున్నాను. పరీక్ష ఫీజు కట్టడానికి నవంబర్ ఏడు ఆఖరు రోజు. నన్ను చూడడం కష్టమైతే కెమిస్ట్రీ తరగతిలో వెనక బెంచీలో కూర్చోమను. నేను ప్రశ్నలు అడగను. చదువు మాత్రం ఆపవద్దని చెప్పు.

నకలు అందింది. ఆఫీసులో ఇచ్చాను.

వనజ


గర్శకుర్తి,
అక్టోబర్ 17.

వనజా,

నా తిట్లు ఎందుకు పడ్డావు?

నిన్న పొద్దున మా అత్త మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి నీ పేరు పెట్టి తిట్టింది. "ఆ పంతులమ్మ నోట్ల మన్నువడ. సోపతిదాని కొడుకని గూడ సూడలే" అంది. సాయి అన్నం తింటున్నాడు. చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఆమెననకు బాపమ్మా. మేడం తప్పు లేదు."

"ఏం లేదుర? పండుగ లేదు పబ్బం లేదు, ఆదివారం పూట పరీక్ష వెట్టుడేంది?"

"ఆదివారం వెట్టలే. గురువారం పొద్దున తొమ్మిదింటికే తెరుస్తరు. నాలుగు రోజులుంటది. ఎప్పుడన్న రాసుకోవచ్చు. రెండుసార్లు రాయొచ్చు, ఎక్కువొచ్చినయే తీసుకుంటరు."

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. అక్కడినుంచే అడిగాను. "మరి ఆదివారం అయిదింటికే ఎందుకు రాస్తవ్?"

కంచం పక్కకు జరిపాడు. తర్వాత చెప్పాడు. ముందు రాసినవాళ్లు ప్రశ్నల ఫోటోలు తీసి గ్రూపులో పెడతారట. ఒక్కొక్కరికి వేరువేరు ప్రశ్నలు వస్తాయి కాబట్టి, ఆదివారానికి దాదాపు అన్నీ జమవుతాయి. ఆఖరి గంటలో అందరూ కూర్చుంటారు. సాయి ఫోన్‌లో పరీక్ష, ముజాహిద్ ఫోన్‌లో గ్రూపు. జూలైలో నా ఫోన్ వల్ల పోయింది కూడా ఒక్కసారి రాసిందేనట. "రెండోసారి రాసుకుందునంటే ఆరైపాయె. ఆ మాట నీకు చెప్పలే" అన్నాడు.

"మరి బాపుకు చెప్పిన పదమూడు?" అన్నాను.

"నాయి నాలుగో అయిదో ఉంటయ్ అవ్వా. మిగిలినయి గ్రూపుయి." కంచం వైపే చూస్తూ అన్నాడు. "బాపుకు ఆఖరికి నేను చెప్పిన మాట అదే. అది గూడ అబద్ధమే."

మా అత్త నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం నేను ఇంతకుముందు చూడలేదు.

ఇన్ని రోజులూ వాడు బాపు కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. షెడ్డులో పోగులు తప్పుతుంటే కొత్త కదా అనుకున్నాను. వాడు ఆ పదమూడును మోస్తున్నాడు. కాలేజీకి పొమ్మంటే "ఏ మొఖం పెట్టుకొని పోవాలె? మేడం నన్ను ఇడిసిపెట్టి నీ తిట్లు ఆమె పడ్డది" అంటాడు. నువ్వు రాసిన ఉత్తరాలు వాడు చదివాడు. నువ్వు ఏం రాయలేదో నాకంటే వాడికే బాగా తెలిసింది.

ఆ పదమూడు తీసెయ్యమని మేడంకు చెప్పు అన్నాడు. చెప్తున్నాను.

నువ్వు నిజం రాస్తే నా కోపం నా కొడుకు మీదికి పోతుందనే కదా ఊరుకున్నావు? నేనైతే ఊరుకోకపోదును. చిన్నప్పటినుంచి నాకు నోరు ఎక్కువ.

రోజా


ఆదిలాబాద్,
అక్టోబర్ 23.

ప్రియమైన రోజా,

నీ ఉత్తరం తరగతికి తీసుకుపోలేదు. కానీ అందులో ఉన్న ప్రశ్న తీసుకుపోయాను. దీపావళి మరునాడు సగం తరగతే వచ్చింది. ఉన్నవాళ్లనే అడిగాను. గురువారం తెరిచే క్విజ్‌ను ఆదివారం దాకా ఎందుకు ముట్టుకోరని. శిక్ష ఉండదని చెప్పాక ముజాహిద్ లేచాడు.

"మేడం, గురువారం రాస్తే ఒక్కలమే రాయాలె. ఆదివారం రాస్తే అందరం రాస్తం."

తరగతి నవ్వింది. వాడు నవ్వలేదు. "సాయిచంద్ ఆ రోజు గురువారమే రాస్తనన్నడు మేడం. నేనే ఆగుమన్న. తొందరెందుకుర, ఆదివారం సల్లగ కూసొని రాద్దమన్న." ఆ మాట చెప్పి కూర్చోలేదు, తరగతి బయటికి వెళ్లిపోయాడు. నీకు ఇది తెలియాలని రాస్తున్నాను. సాయికి చెప్పాలో లేదో నువ్వే చూసుకో.

నువ్వు మొదటి ఉత్తరంలో అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తాను. జైనూర్ వైపు గూడేల పిల్లలు శనివారం ఇళ్లకు వెళ్తారు. అక్కడ సిగ్నల్ ఉండదు. ఆదివారం సాయంత్రానికి హాస్టల్‌కు తిరిగి వస్తారు. వాళ్లకు అందాలని ఆరు దాకా ఉంచాను. ఎవరు ఎప్పుడు రాశారో నాకు కంప్యూటర్‌లో కనిపిస్తుంది. జైనూర్ పిల్లలే కాదు, దాదాపు తరగతి అంతా ఆ ఆఖరి గంటలోనే రాస్తున్నారని జూలై నుంచీ తెలుసు. మార్కులు బాగున్నాయి కాబట్టి కారణం అడగలేదు. నా వంతు అది. అది సాయి కోసం కావాలని మోసింది కాదు, నా తప్పే.

తరగతిలో భవ్యశ్రీ అనే అమ్మాయి ఉంది. మొదటి రోజే రాస్తుంది. ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. గ్రూపులో అందరూ ఆమెను "గురువారం మేడం" అని ఏడిపిస్తారట. సెప్టెంబర్ చివర కాగితం మీద పెట్టిన పరీక్షలో పద్నాలుగులు, పదిహేనులు వచ్చేవాళ్లు సగం జవాబుపత్రం ఖాళీగా ఇచ్చారు. ఆమెకు అందరికంటే ఎక్కువ వచ్చాయి. అప్పుడైనా నేను అడగవలసింది.

ఇప్పుడు సాయికి చదివి వినిపించు. తరగతికి చెప్పిందే వాడికీ రాస్తున్నాను. క్విజ్ మార్కుల కోసం పెట్టింది కాదు. దానికి ఉన్న మార్కులు చాలా తక్కువ. ఏది రాదో తెలుసుకోవడానికి పెట్టాను. పాఠం చదివి, పుస్తకం మూసి, పక్కన తెల్లకాగితం పెట్టుకుని గురువారమే ఒంటరిగా రాయాలి. లెక్కలు కాగితం మీద వేయాలి, జవాబు చూసి ఊహించకూడదు. నాలుగు వస్తే నాలుగే. తప్పుపోయినవి రాసుకుని శుక్రవారం నా దగ్గరికి రావాలి. ఆ ముక్క మళ్లీ చదివాక శనివారం రెండోసారి రాయాలి. ఫోన్‌లో వద్దు, ల్యాబ్‌లో కంప్యూటర్లు ఉన్నాయి. వాటికి ఎవరూ ఫోన్ చేయరు. కరెంటు పోయినా, మధ్యలో మూసుకుపోయినా అదే రోజు నాకు చెబితే మళ్లీ తెరుస్తాను. ఆఖరి గంటలో చెబితే నేనేమీ చేయలేను. ఇవి జూన్‌లోనే చెప్పి ఉంటే బాగుండేది. లింకు పంపి, చివరి తేదీ రాసి ఊరుకున్నాను.

బావ అతకడం అయ్యాక సాంచ నడిపేముందు పోగుల మీద చెయ్యి వేసి ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడిమేవాడని ఒకసారి సాయే చెప్పాడు. తప్పిన పోగు అప్పుడు దొరికితే మళ్లీ అతుక్కోవచ్చు. గుడ్డ నేశాక దొరికితే చేసేదేమీ లేదు. క్విజ్ ఆ తడమడం. వేరేవాళ్ల చెయ్యి పెట్టి తడిమితే మన పోగు తెలియదు. వాడికి ఇంతకంటే విడమరిచి చెప్పనక్కర్లేదు.

సాయి అడిగినట్టు ఆ పదమూడు తీసేశాను. ఒక్క సాయివే కాదు, ఎలక్ట్రోకెమిస్ట్రీ పాఠంపై రాసిన అందరి మార్కులూ తీసేశాను. ప్రశ్నలు కొత్తవి తయారుచేస్తున్నాను. క్విజ్ నవంబర్ ఆరో తేదీ గురువారం పొద్దున తొమ్మిదికి తెరుచుకుంటుంది, ఆదివారం ఆరుకు మూసుకుంటుంది. జైనూర్ పిల్లల కోసం ఆ గంట మార్చలేదు. దానికి నువ్వు ఒప్పుకుంటావనుకుంటున్నాను.

వాడిని వెనక బెంచీలో కూర్చోమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముందు కూర్చోమను. నన్ను పెద్దమ్మ అనమని పోయిన ఏడాదినుంచి చెప్తున్నాను, మీ ఇంటికి వచ్చినా మేడం అనే అంటాడు. అదైనా మార్చుకోమను.

నీ వనజ


గర్శకుర్తి,
అక్టోబర్ 30.

వనజా,

సాయి వస్తున్నాడు. నీ ఉత్తరం నేను చదివి వినిపించలేదు, వాడికే ఇచ్చాను. షెడ్డుకు పట్టుకుపోయాడు. మధ్యాహ్నం అన్నం తీసుకుపోతే భీమ్ ముందు కూర్చుని అతుకుతున్నాడు. అలవాటు ప్రకారం నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అయ్యాక పోగుల మీద చెయ్యి వేసి ఆ చివరిదాకా తడిమాడు. రెండు చోట్ల ఆగి మళ్లీ అతికాడు. అప్పుడు నా వైపు చూసి "పోతనవ్వా" అన్నాడు.

ముజాహిద్ మాట ఉన్న కాగితం కూడా తియ్యకుండానే ఇచ్చాను. దాచితే మళ్లీ ఇంకొకరు మోయాలి. "వాడు ఆగుమంటే నేనెందుకు ఆగిన?" అన్నాడు సాయి. సాయంత్రం తన ఫోన్ తీసుకుని ముజాహిద్‌కు చేశాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. వాకిట్లో నిలబడి చాలాసేపు మాట్లాడాడు.

మా అత్త నీకు క్షమాపణ చెప్పదు, ఆశపడకు. కానీ నీకోసం సకినాలు చేస్తానని బియ్యం నానబెట్టింది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరగకుండా పిండివంటలేంటి అంటే "మనం తింటమా, పంతులమ్మ తింటది" అంది. సాయి సంచిలో పెట్టి పంపుతాను.

ఇక నీకు మాత్రమే రాస్తున్న మాట. ఈ ఉత్తరం సాయి చేతికి ఇవ్వడం లేదు. పోస్టు డబ్బాలో నేనే వేస్తాను.

మొదటి ఉత్తరంలో నీకు ఒక మాట మార్చి రాశాను. పిల్లగాడు అతుకుతుండు, అయినంక చెయ్యి అన్నది ఆయన కాదు. నేను. ఆటో ఊరు దాటాక ఆయన నా చేతిలో ఫోన్ చూశాడు. "పిల్లగాన్ని కలుపవే. ఒక్క మాట మాట్లాడుత" అన్నాడు. నేను ఆ మాట అన్నాను. ఆయన ఊరుకున్నాడు. గంగాధర దగ్గర మళ్లీ అడిగాడు. "ఇంకెంతసేపు?" అన్నాడు. నేను ఫోన్‌లో టైం చూసి, అయిపోవచ్చింది అన్నాను. మళ్లీ అడగలేదు. జబ్బార్ ముందు సీట్లో ఉండి విన్నాడు. ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు.

గ్యాసే అనుకున్నాను వనజా. కరీంనగర్ పోతే ఇంజక్షన్ ఇచ్చి పంపుతారు, పిల్లగాడి మార్కులు పోతే మళ్లీ రావు అనుకున్నాను. ఆ క్విజ్‌కు నాలుగు రోజులు ఉన్నాయని నాకు తెలియదు. తెలిసి ఉంటే చేసేదాన్నా? చేసేదాన్ననే అనుకుంటున్నాను.

ఇంట్లో అందరికీ, సాయికి కూడా, ఆయనే వద్దన్నాడని చెప్పాను. బాపు నన్ను పిలవద్దన్నాడు, నా చదువు కోసం ఆగాడు అని వాడు అనుకుంటున్నాడు. ఆ మాట పట్టుకునే బస్సు ఎక్కుతున్నాడు. అది బాపు మాటగానే ఉండనీ. వాడు ఎప్పుడైనా నీ దగ్గర ఆ మాట ఎత్తితే, అవును, మీ అవ్వ నాకూ అదే రాసింది అను. మొదటి ఉత్తరం దాచిపెట్టు. దీన్ని చించెయ్యి.

సోమవారం, మూడో తేదీ, కరీంనగర్ బస్టాండులో పొద్దున ఏడింటి ఆదిలాబాద్ బస్సు ఎక్కిస్తాను. జబ్బార్ దింపుతానన్నాడు. నేను కూడా అదే ఆటోలో పోతాను. అదే దారి. పోక తప్పదు. వచ్చాక సాయి ముందు ఫీజు కడతాడు. గురువారం పొద్దున తొమ్మిదింటికి ల్యాబ్‌లో కూర్చుంటానని, శనివారం రెండోసారి రాస్తానని చెప్పాడు.

బియ్యం డబ్బాలోంచి ఫోన్ తీశాను. ఛార్జింగ్ పెట్టాను, ఇంకా ఆన్ చేయలేదు. ఏ రోజు ఆన్ చేస్తానో సాయికి చెప్పాను. తొమ్మిదో తేదీ ఆదివారం సాయంత్రం అయిదున్నరకు వాడికి ఫోన్ చేస్తాను. ఆరు అయ్యేదాకా ఆగను. వాడు ఎత్తాలి, ఎన్ని వచ్చాయో చెప్పాలి. ఎన్నైనా సరే, వాడివే చెప్పమన్నాను.

రోజా